పికప్ పండితుడు

మీ ఆఫీసులోనో, మీ అపార్ట్‌మెంటులోనో ఈయన ఉండే ఉంటాడు. వయసు యాభై దాటింది. చొక్కా జేబులో ఓ బుల్లి నోటుబుక్కు, దానికి గుచ్చిన రెండు రంగుల పెన్ను. రాపిడెక్స్ ప్రకటనలో కపిల్‌దేవ్ బొమ్మ చూసి ముచ్చటపడ్డ రోజుల్లో ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కపిల్‌దేవ్ రిటైరై గోల్ఫులో పడ్డాడు. ఈయన మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు కట్టిన మేడల మెట్లన్నీ ఎక్కాడు, పాఠం ముగియకముందే దిగాడు.

టెన్సులు, ఆర్టికల్సు దాటి వచ్చినవాడే. దెబ్బతిన్నది ఫ్రేజల్ వెర్బుల దగ్గర. పిక్ అంటే తెలుసు, అప్ అంటే తెలుసు. రెండూ కలిసి కాపురం పెట్టాక మాత్రం పుట్టింటివాళ్లని గుర్తుపట్టవు. అయినా పట్టు వదల్లేదు. నోటుబుక్కులో పికప్‌కి పేజీలకు పేజీలు కేటాయించాడు. కింద పడ్డ పెన్ను తీసినా పికప్పే, బడి నుంచి పిల్లాణ్ని తెచ్చినా పికప్పే. జలుబు అంటుకున్నా, రేడియోకి స్టేషను తగిలినా, గాలి జోరందుకున్నా, పోలీసులు ఒకణ్ని పట్టుకెళ్లినా, అమెరికాలో పిల్లలు చెల్లాచెదురుగా పడేసిన బొమ్మలు సర్దినా అదే మాట. హోటల్లో అందరి బిల్లూ ఒకడే కట్టినా పికప్పే. ఈ ఆఖరి అర్థాన్ని ఆయన ఆచరణలో పెట్టగా చూసినవాళ్లు మాత్రం లేరు.

ఇంకో అర్థం కూడా ఉంది. పుస్తకం, మాస్టారు లేకుండా నలుగురి మధ్య తిరుగుతూ భాషను చెవితో పట్టేయడాన్నీ పికప్ అనే అంటారు. ఈ అర్థాన్ని ఆయన తలుపు గడియ పెట్టుకుని, ఇంపోజిషన్ రాసి బట్టీ పట్టాడు.

ఇంట్లో సంగతి చెప్పుకోవాలి. ఫోను మోగుతుంది. వంటింట్లోంచి ఆవిడ, "ఏమండీ, చెయ్యి ఖాళీ లేదు, కాస్త ఫోన్ లిఫ్ట్ చేయండి" అంటుంది.

"లిఫ్ట్ కాదే, పికప్. లిఫ్ట్ చేయడమంటే రిసీవరు చేత్తో పైకెత్తడం వరకే. కాల్‌కి బదులివ్వడం అందులో..."

"ముందు తీయండి బాబూ!"

"తీయడమా? పికప్ ద ఫోన్ అనొచ్చు, పిక్ ద ఫోన్ అప్ అనీ అనొచ్చు. అదే 'ఇట్' వచ్చిందనుకో, చచ్చినా మధ్యలోనే కూర్చోవాలి. పిక్ ఇట్ అప్. పికప్ ఇట్ అన్నావో, తప్పు!"

ఇట్ మధ్యలో కుదురుగా కూర్చునేసరికి రింగు ఆగిపోయింది. అవతల సికింద్రాబాద్ స్టేషన్లో సూట్‌కేసు మీద కూర్చున్నది ఆవిడ తమ్ముడు. బావగారు వచ్చి పికప్ చేసుకుంటానన్నారని పాపం ఎదురుచూస్తున్నాడు. చివరికి ఆటోలో వచ్చాడు. ఆటో డబ్బులూ అతనే ఇచ్చుకున్నాడు.

ఆఫీసులోనూ ఇదే వరస. ముంబై నుంచి వచ్చిన పెద్ద మేనేజరు మీటింగు మొదలుపెడుతూ, లెటజ్ పికప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్ అన్నాడు. మన పండితుడి ఒళ్లు పులకరించింది. ఒక్క వాక్యంలో రెండు ఫ్రేజల్ వెర్బులు! ఎర్ర రంగుతో ఒకటి, నీలం రంగుతో ఒకటి రాసుకుని, కింద గీతలు గీసి తలెత్తేసరికి మీటింగు అయిపోయింది. తనని విశాఖ బ్రాంచికి బదిలీ చేశారన్న కబురు టీ తెచ్చిన కుర్రాడు చెబితే తెలిసింది. ఇంతకీ మీటింగులో ఆయన మాట్లాడిన ఇంగ్లీషెంత అంటే, "యెస్ సర్" అని రెండుసార్లు.

ఎవరైనా ఎకసెక్కాలాడితే ఆయన దగ్గర జవాబు సిద్ధం. శామ్యూల్ జాన్సనంతటివాడు 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే, ఇలాంటి క్రియలు విదేశీయులకు మహా కష్టమని రాశాడంటాడు. నిజమే, రాశాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చాడనీ, ఆయనకు ఆ పేరు అందించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అనీ కూడా చెబుతాడు. అదీ నిజమే. చరిత్రలో ఆయనకు తిరుగులేదు. వర్తమాన కాలంలోనే, అంటే ఎదుటి మనిషి నోరు తెరిచినప్పుడే, కాస్త ఇబ్బంది.

ఆమధ్య మలక్‌పేటలో ఆటో ఎక్కాడు. డ్రైవరు బేరం మాట్లాడుతూ, "నా బండికి పికప్ మంచిగుంటది సార్, జల్ది తీస్కపోత. పొద్దుగాల గిరాకీ లేకుండె, గిప్పుడే జర పికప్ అయింది. మిమ్ముల దించినంక స్కూల్ పికప్ గూడ ఉంది, ఎక్కుండ్రి" అన్నాడు. మూడు ముక్కల్లో మూడు అర్థాలు, ఒక్కటీ తడబడలేదు. పండితుడు నోటుబుక్కు తీశాడు. మెచ్చుకోవడానికి కాదు. గిరాకీ పికప్ 'అవ్వడం' చెల్లదట, హ్యాజ్ పిక్డ్ అప్ అనాలట. డ్రైవరు ఓపిగ్గా విని, "అట్లనే సార్, మీటర్ మీద ఇరవై ఎక్కువియ్యుండ్రి" అన్నాడు.

ఈ మధ్య ఆయన పికప్ ముగించి టేకాఫ్ మొదలుపెట్టాడని విన్నాను. విమానం లేవడం, చెప్పులు విప్పడం, సెలవు పెట్టడం, ఒకణ్ని అనుకరించడం దాకా అయిందట. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే విమానంలో మీ పక్క సీట్లోకి రెండు రంగుల పెన్ను వచ్చి కూర్చుంటే, ఆలస్యం చేయకండి. బెల్టు బిగించుకుని, కళ్లు మూసుకుని గురక పెట్టండి.