సైంటిస్టులకు వెతకడం నేర్పకండి

మందుల కంపెనీ లైబ్రరీలో కొత్తగా చేరారా? ముందు సైంటిస్టులకు వెతకడం నేర్పే శిక్షణ తరగతులు ఆపేయండి. 1995లో రసాయన సమాచారం వెతికే సైఫైండర్ వచ్చాక మా వృత్తిలో పెద్దలందరిదీ ఒకే మాట: ఇక సైంటిస్టులే వెతుక్కుంటారు, మనం నేర్పితే చాలు. నేనూ నమ్మాను, ఏళ్ల తరబడి నేర్పాను. ఇప్పుడు వద్దంటున్నాను. ఎందుకో చెబుతాను.

మన 1970 పేటెంటు చట్టం మందుల తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది. 2005 నుంచి మందుకే ఇస్తున్నారు. కాబట్టి తన అణువు ఎవరి పేటెంటులోనైనా ఉందేమో ముందే చూసుకోవాలి. కెమిస్టు తన అణువు పేరు కొడతాడు. ఏమీ రాదు. దారి ఖాళీగా ఉందనుకుంటాడు. కానీ పేటెంటులో చాలాసార్లు ఆ పేరే ఉండదు. నడిమి చట్రం ఒకటి గీసి, ఈ మూలన ఇదైనా అదైనా ఉండొచ్చని రాస్తారు. ఆ ఒక్క వాక్యంలో వేల అణువులు ఇమిడిపోతాయి. మార్కుష్ నిర్మాణం అంటారు దీన్ని. నేను పనిచేసిన చోట ఒక బృందం నాలుగు నెలల కష్టం ఇలాగే పోయింది. వాళ్లకు వెతకడం నేర్పింది నేనే. ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ మరిచిపోలేను.

రెండోది, అడిగింది అడిగినట్టు ఇవ్వకండి. "ఈ రియాక్షన్ మీద పేపర్లన్నీ కావాలి" అంటే కంప్యూటర్ ముట్టుకోకుండా ల్యాబుకు నడవండి. ఫ్లాస్కులో బాగా వచ్చిన సరుకు పెద్ద రియాక్టర్లో పాడవుతోందని అక్కడ తెలుస్తుంది. పాత్ర పెరిగితే లోపలి సరుకు పెరిగినంతగా చుట్టూ ఉన్న గోడ పెరగదు, వేడి త్వరగా బయటికి పోదు. అతనికి కావాల్సింది పేపర్ల కట్ట కాదు, వేడి సంగతి తేల్చిన ఒక్క పాత పేటెంటు. మా చల్లపల్లి వైపు చెరకు పండిందో లేదో తెలియాలంటే తోటలోకి దిగి, గడ రసం తీసి బ్రిక్స్, అంటే తీపి కొలత, చూడాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటే తెలిసేది కాదు.

మూడోది, రసాయన పరిశోధనల సారాంశాలిచ్చే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ పాత సంపుటాలు పాత కాగితాలవాడికి వేయనివ్వకండి. 2010 నుంచి అచ్చు ఆగిపోయింది, మళ్లీ రావు. చోటు లేదంటే మీ బల్ల తీయించండి.

ఇక మధ్యాహ్నం రెండింటికి లైబ్రరీకి తాళం వేసి ల్యాబులకు వెళ్లండి. ఎంతమంది వచ్చారో రాసే రిజిస్టరు చూపించి పైవాళ్లు నిలదీస్తారు. నిలదీయనివ్వండి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పించారు. చదివేవాళ్లు వచ్చేదాకా రేవులో కూర్చోలేదు. మీకు కాలువ అక్కర్లేదు, ల్యాబుకు రెండంతస్తులు మెట్లెక్కితే చాలు.

రేపు బూట్లు వేసుకుని వెళ్లండి. చెప్పులతో ల్యాబులోకి రానివ్వరు.