మ్యూట్‌లో మాస్టారు

"ఉపన్యాసాలు మానండి. పిల్లల చేత మాట్లాడించండి." ఈ హితబోధ గంటన్నర ఉపన్యాసంగా సాగుతుంది. వింటున్న టీచర్ల మైకులన్నీ ముందే కట్టేసి ఉంటాయి. దీన్నే ఉపాధ్యాయుల వెబినార్ అంటారు. నవ్వొస్తోందా? నవ్వండి. ఎలాగూ మ్యూట్‌లోనే ఉన్నారుగా!

మారేడుపల్లి, లాలాపేట, బొల్లారం... సికింద్రాబాద్‌లో ఏ టీచర్‌నైనా కదిపి చూడండి. రెండున్నరకు వాట్సాప్‌లో లింకు పడుతుంది. మూడింటికి వెబినార్. హాజరు తప్పనిసరి. మరి ఎదురుగా బెంచీల మీదున్న పిల్లల సంగతి? ఆ ముక్క సర్క్యులర్‌లో ఉండదు. ఫోను టీచర్‌ది, డేటా టీచర్‌ది, చార్జర్ టీచర్‌ది. ఘనత మాత్రం పైవాళ్లది.

మొదటి పావుగంట "నా మాట వినపడుతోందా?" అనే నామజపం. తర్వాత జ్యోతి ప్రజ్వలన వీడియో. తర్వాత ముఖ్య అతిథి బయోడేటా, ఆయన పుట్టిన ఊరితో సహా. ఉచిత జూమ్ ఖాతాలో సమావేశం 40 నిమిషాలకే తెగిపోతుందని నిర్వాహకులకు తెలియదా? తెలుసు. అయినా కక్కుర్తి. అసలు వక్త గొంతు సవరించుకునేసరికి తెర నల్లబడుతుంది. మళ్లీ లింకు, మళ్లీ "వినపడుతోందా?" ఆపైన స్లైడ్లు. చీమ తలకాయంత అక్షరాలు. వాటినే వక్తగారు పొల్లు పోకుండా చదివి వినిపిస్తారు. బీఈడీ చేసిన మనిషికి చదవడం రాదనుకున్నారా?

మన ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆమెనైనా పెద్దలు ప్రశ్నలు అడుగుతారు. వానలు పడతాయా తల్లీ అంటే ఆమె బదులు చెబుతుంది. వెబినార్ వక్త అంతకన్నా గొప్పవాడు. ఆయన్ను అడగడానికి వీల్లేదు. చాట్‌లో పెట్టండి, చివర్లో చూద్దాం అంటారు. చివర్లో ఏముంటుంది? వందన సమర్పణ ఉంటుంది.

ఇదంతా ఒక్కరోజులో పుట్టిన రోగం కాదు. 42 లక్షల మంది టీచర్లకు శిక్షణ అంటూ 2019 ఆగస్టులో కేంద్రం 'నిష్ఠ' మొదలుపెట్టింది. మొదట ముఖాముఖి. కరోనా వచ్చాక 2020 అక్టోబరులో దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక మీదకు ఎక్కించారు, 18 మాడ్యూళ్లుగా. నిష్ఠ, దీక్ష... పేర్లకేం కొదవ? తపస్సు ఒక్కటే తక్కువ. జాతీయ విద్యావిధానం 2020 టీచర్‌కు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. మంచి మాటే. కానీ కింద ఉన్నవాళ్లకు ఏం వినపడింది? శిక్షణ వినపడలేదు, గంటలు వినపడ్డాయి. చివరి క్విజ్‌లో 70 శాతం వస్తే సర్టిఫికెట్ అన్నారు. ఇంకేం, జవాబులన్నీ యూట్యూబ్‌లో ప్రత్యక్షం! పొద్దున పరీక్ష హాల్లో చీటీలు పట్టుకున్న మాస్టారే సాయంత్రం ఆ వీడియో పెట్టుకుని టిక్కులు కొట్టారు. ఆయన్ను ఆ గతికి తెచ్చిందెవరు?

ఇక లాక్‌డౌన్‌లో ప్రైవేటు కాలేజీల వైభవం వేరు. న్యాక్ గుర్తింపు కోసం పెట్టే ఫైలు మందం కావాలి. కాబట్టి వారానికో జాతీయ వెబినార్. డాలస్‌లో ఉన్న పూర్వ విద్యార్థి తెరమీద ఒక్కసారి తళుక్కుమంటే చాలు, అది అంతర్జాతీయం. అంశమేమిటో తెలుసా? ఒత్తిడిని జయించడం ఎలా! వింటున్నవాళ్లలో జీతం ఆగిపోయినవాళ్లు ఎందరో. బడుల్లోనూ అదే కథ. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. జీతాలు ఎగ్గొట్టిన యాజమాన్యాలు మాత్రం రంగురంగుల ఈ-సర్టిఫికెట్లను ధారాళంగా పంచాయి. వాటిని వండుకు తినాలా?

వెబినార్ దండగమారి పని అనడం లేదు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం 1984లో పుట్టిన జాతీయ సంస్థ ఉంది. అలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్ల పని చూడండి. చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పాలి. టీచర్ తానే గుండీని కాజాలో సగం దూర్చి, చివరి లాగుడు పిల్లాడికి వదులుతుంది. అది పట్టుబడ్డాక ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. వేళ్లు ఎక్కడ తడబడుతున్నాయో చిన్న వీడియో తీసి, నలుగురు తోటి టీచర్లకు చూపించి "ఇక్కడ ఆగిపోతున్నాడు, ఏం చేద్దాం?" అని అడిగితే, అదీ వెబినార్! కెమెరా ఆ వేళ్ల మీద ఉండాలి, ముఖ్య అతిథి శాలువా మీద కాదు.

దానికేం బ్రహ్మవిద్య కావాలి? పాతికమందికి మించకండి. బడి వేళల్లో పెట్టకండి. ప్రశ్నలు రెండు రోజుల ముందే తెప్పించుకోండి, వక్త వాటితోనే మొదలుపెట్టాలి. చాట్ చూడ్డానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. పదిహేను రోజులాగి మళ్లీ అదే పాతికమందిని పిలిచి, క్లాసులో చేసి చూస్తే ఏమైందో చెప్పమనండి. ఇది ఎవరూ చేయరు. ఎందుకంటే దీనికి బ్యానర్ కుదరదు, మంత్రిగారి ఫొటో పెట్టే జాగా ఉండదు.

బదులుగా ఫీడ్‌బ్యాక్ ఫారం పంపుతారు. నింపందే సర్టిఫికెట్ రాదు. అందుకే అందరూ "అద్భుతం" అని కొట్టేస్తారు. ఆ అద్భుతాలన్నీ పోగేసి వార్షిక నివేదికలో గ్రాఫు గీస్తారు. సర్టిఫికెట్‌లో టీచర్ పేరు తప్పు పడుతుంది, అది వేరే సంగతి.

వేలమంది పాల్గొన్నారంటూ పోస్టర్లు వేస్తున్నారుగా, ఈసారి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో, ఎన్నింటికి జవాబు దొరికిందో వేయమనండి చూద్దాం. వేసినవారికి జనరల్ బజార్‌లో శాలువా నేనే కొనిపెడతాను.