సూరత్‌లో చావని పూల పెంపకం

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవారికి దుకాణంలో మొదట వినిపించే మాట, "జోవాంథిడ్లు పెట్టుకోండి సార్, ఇవి చావవు" అని. చూడడానికి పూలగుత్తి, నిజానికి ఒకే చర్మంతో అల్లుకుపోయిన చిన్నచిన్న జంతువుల గుంపు. లింబాయత్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబమైనా, వేసూలో ఫ్లాటున్న వ్యాపారైనా ముందుగా చేయాల్సింది ఆ మాటను మనసారా నమ్మడం. నమ్మకం ఎంత గట్టిదైతే ఖర్చు అంత చురుగ్గా పెరుగుతుంది. అలాగని అది అబద్ధమూ కాదు. ఖంభాత్ అఖాతానికి అవతల, సౌరాష్ట్రలోని వేరావల్, సూత్రపాడా రాతి తీరాల్లో ఆటు వేళ ఇవి ఎండకు ఆరుతాయి, వానకు తడుస్తాయి, వీటిలో పాలిథోవాలైతే ఇసుకను ఒంట్లోనే ఇముడ్చుకుంటాయి. అయినా బతుకుతాయి. ఎందుకంటే కొన్ని గంటల్లో అరేబియా సముద్రం తిరిగొచ్చి వేడినీ, మురికినీ, ఉప్పు తేడానూ కడిగి సరిచేసి పోతుంది. ఆ మొండితనంలో సగం సముద్రానిది. దుకాణంలో అమ్మేది మిగతా సగం మాత్రమే.

కాబట్టి ట్యాంకు వీలైనంత చిన్నది కొనండి. రెండొందల లీటర్లలో నెమ్మదిగా జరిగే అనర్థం ఇరవై లీటర్లలో ఒక్క పూటలో తేలిపోతుంది, ఎదురుచూపుల బాధ ఉండదు. మే నెలలో గది వేడెక్కితే చిల్లర్ దండగ, ఫ్యాను చాలు. ఫ్యాను గాలికి నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. తగ్గిన చోట మళ్లీ ఉప్పునీరే పోయండి. మంచినీరు పోస్తే సాంద్రత 1.025 దగ్గర నిలబడి మీ ప్రయోగం పాడవుతుంది. ఉప్పు పొట్లం ఖరీదు ఎక్కువనిపిస్తే డుమాస్ బీచ్ ఉండనే ఉంది. అక్కడ తాపీ నది తెచ్చే ఒండ్రునూ అడుగు బురదనూ అఖాతపు పెను పోట్లు కలియదిప్పి సముద్రాన్ని మసాలా చాయ్ రంగులో ఉచితంగా అందిస్తాయి. గుజరాత్ పగడపు దిబ్బలు ఇక్కడ కాకుండా కచ్ అఖాతంలో ఎందుకున్నాయన్న ప్రశ్న మాత్రం వేసుకోకండి.

ఏళ్ల తరబడి ఇళ్లలో పెంచుతున్నవాళ్లు లేరా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నారు, చక్కగా పెంచుతున్నారు. కానీ వాళ్ల గదిలో చూడండి: ఆర్‌ఓ ఫిల్టరు, అలలకు పంపు, కరెంటు పోతే ఇన్వర్టరు, వారం వారం నీటి మార్పిడి. సముద్రం చేసే చాకిరీని జీతం లేకుండా నెత్తికెత్తుకున్నారు. పాల్ ప్రాంతంలోని కార్పొరేషన్ అక్వేరియంలో అదే పనికి ఉద్యోగులున్నారు. మొండితనం ఎవరిదో ఇక వేరే చెప్పాలా? ఇంకొకరు పొదుపు మార్గం చెబుతారు: హజీరాలో ఫెర్రీ ఎక్కి ఘోఘాలో దిగి, ఏ రాతి తీరానికో వెళ్లి నాలుగు ముక్కలు పెకలించుకు రావచ్చని. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోకి ఎక్కిన రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్ల సరసన ఇవి లేవన్నది వాళ్ల వాదన. నిజమే. అయితే కచ్ అఖాతంలో 1982 నుంచి మెరైన్ నేషనల్ పార్కు ఉంది, అందులోంచి ఏం పెకలించినా నేరమే. ట్యాంకులో పెంచి ముక్కలు చేసి అమ్మేవి కొంటే సముద్రానికి నష్టం లేదన్న మాట ఒప్పుకోవచ్చు. నష్టం కొన్నవాడికే కాబట్టి.

అసలు చిక్కు ఇవి నిజంగా చావకపోతే. అన్నీ కుదిరితే రాళ్లన్నీ కమ్మేసి పక్కనున్న పగడాలను నొక్కేస్తాయి. అప్పుడు రాయిని మరిగే నీళ్లలో వేయమనే సలహా తప్పక దొరుకుతుంది. 1971లో హవాయి శాస్త్రవేత్తలు పాలిథోవా జాతి నుంచి వేరుచేసిన పాలిటాక్సిన్ అనే విషం వేడికి లొంగే సరుకు కాదు. మన కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ చేరవేసే పంపును అది తెరిచిన గొట్టంగా మార్చేస్తుంది. ఈ రాళ్లను కడిగినప్పుడు, మరిగించినప్పుడు లేచిన తుంపరలు, ఆవిరి పీల్చి ఇంగ్లండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ఇంటిల్లిపాదీ ఆస్పత్రుల్లో చేరారు. జోవాంథిడ్లన్నింటిలో ఈ విషం ఉండదని అభిమానులు అభ్యంతరం చెబుతారు. సరే, ఏ గుత్తిలో ఉందో రంగు చూసి చెప్పగలిగినవారు చేతి తొడుగులూ కళ్లద్దాలూ లేకుండానే రాయి తోముకోవచ్చు. మరిగించి తీరాలనుకునేవారు మాత్రం ఇంట్లో ఒకరినైనా ముందే బయటికి పంపండి. అంబులెన్సుకు ఫోన్ చేయడానికి మనిషి కావాలి కదా.