తుక్కుకి పట్టాభిషేకం

పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే తోపుడుబండి మనిషిని ఏ పర్యావరణ సదస్సుకీ పిలవలేదు పాపం. అతను తూకం వేసి తీసుకెళ్లిన సామానే నాలుగు వీధులవతల ఏసీ షోరూములో 'అప్‌సైకిల్డ్ ఫర్నిచర్' అయి కూర్చుంటుంది. దాని మీద మనం కూర్చోగలమా అన్నది వేరే సంగతి.

ఎడ్లబండి చక్రమే చూడండి. వడ్రంగి నల్లతుమ్మ కర్రతో ఆకులు బిగించి, పూటీలు కూర్చేవాడు. కమ్మరి ఇనప పట్టాను ఎర్రగా కాల్చి చుట్టూ ఎక్కించి, నీళ్లు గుమ్మరించేవాడు. చల్లారుతూ బిగుసుకున్న పట్టా చక్రాన్ని పట్టిన పట్టు విడిచేది కాదు. ధాన్యం బస్తాల కోసం అంత పట్టు! ఇప్పుడది గాజు పలక కింద పడుకుని రెండు కాఫీ కప్పుల్నీ, ఒక రిమోట్‌నీ మోస్తోంది. ఆకుల సందుల్లో పడ్డ కారప్పూస తీయాలంటే పాత టూత్‌బ్రష్షు వెతుక్కోవాలి.

పాత చక్రాలు దొరక్కపోతే బెంగ లేదు. కొత్తది చేయించి, గొలుసుతో బాది, యాసిడ్ పట్టించి, వందేళ్ల వయసు వారంలో తెప్పిస్తారు. వృథాని అరికట్టడానికి వృథా చాలకపోతే ఏం చేస్తారు మరి, పాపం!

కుట్టుమిషను కథ ఇంకా ఘోరం. నిక్షేపంలా నడిచేదాని తల పీకేసి, తొక్కుడు స్టాండు మీద వాష్‌బేసిన్ పెడతారు. చేతులు కడుక్కుంటూ కాళ్లతో తొక్కుకోవచ్చు కాబోలు.

ఇక ప్యాలెట్ సోఫా. సరుకుతో పాటు ఓడెక్కే ఆ చెక్కల మీద ముద్ర ఉంటుంది. 'హెచ్‌టీ' అంటే పురుగు చావడానికి చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించారని. 'ఎంబీ' అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. మనవాళ్లు రెండోదాన్ని కూడా చెరపకుండా వార్నిష్ వేసి, 'ఒరిజినల్ లుక్' అని పసిపిల్లల గదిలో వేస్తారు.

ఈ విద్య తెలిసినవాళ్లు లేకపోలేదు. ఇటలీలో కాస్టిగ్లియోని సోదరులు 1957లోనే ట్రాక్టరు సీటుతో స్టూలు చేశారు. కుదుపులు ఓర్చుకునే సీటు, కింద వంగి లేచే ఉక్కు పట్టీ. వాళ్ల తెలివల్లా ఒక్కటే: సీటుని సీటుగానే వాడారు. మన డిజైనరుకి ఆ సీటు దొరికితే గోడకి కొట్టి దీపం పెట్టేవాడు.

మొన్న ఒక షోరూములో డ్రమ్ము సోఫా ధర విని తేరుకున్నాక అడిగాను, "గీతలు పడితే ఎలా బాబూ?"

"పడనివ్వండి సార్, పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది."

"అయితే నాలుగేళ్లు వాడి మీకే అమ్మేస్తా, కొంటారుగా?"

"సారీ సార్. మేం పాత సామాన్లు కొనం."