కత్తి పట్టిన రాణి

మా పెద్దమ్మ కూతురికీ ఆమె తోడికోడలికీ మధ్య మాటలు పోయింది నా వల్లే. ఒక్క ముక్కను తప్పు చదివి ఆ పని చేశాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

లాక్‌డౌన్‌లో వింజమూరులో ఇంటిపట్టున ఉండి టారో అనే ముక్కల జోస్యం నేర్చుకున్నాను. నేను తెప్పించుకున్నది 1909లో లండన్‌లో తొలిసారి అచ్చయిన కట్ట. ఆర్థర్ వెయిట్ చెబుతుంటే పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీసింది. 78 ముక్కల్లో 16 బొమ్మముక్కలు. మన పేకలో జాకీ, రాణి, రాజు ముగ్గురే. ఇందులో బంటు, రౌతు, రాణి, రాజు నలుగురు. కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేలు అని నాలుగు రంగులు. మనం ఇస్పేటు అనే రంగు పేరు వెనక ఉన్నదీ కత్తే, ఇటలీ భాషలో ఆ మాటకు అర్థం అదే. సంక్రాంతికి ఇంటినిండా రమ్మీ ఆడేవాళ్ల మధ్య పెరిగినదాన్ని, బొమ్మముక్క నాకు కొత్తేమిటి అనుకున్నాను.

అక్క భర్త పోయి అప్పటికి మూడేళ్లు. ఉదయగిరి రోడ్డులో నిమ్మతోట. అన్నదమ్ములిద్దరి వాటాలకీ బోరు ఒక్కటే, నీళ్లు వంతులవారీగా. ఆ వంతు గురించి గట్టిగా అడగనా, ఊరుకోనా అని వచ్చింది. ముక్క తీయమన్నాను. కత్తుల రాణి వచ్చింది.

వెయిట్ 1910లో రాసిన పుస్తకంలో ఆ ముక్కకు వైధవ్యం, ఆడవాళ్ల దుఃఖం, ఎడబాటు అని ఉంది. నేను చదివాను, గుర్తుంది కూడా. ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలుసు. కానీ ఆ మాట అక్క ముఖం మీద అనడానికి నోరు రాలేదు. జాలి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు ఆలోచిస్తే అది పిరికితనం. ఆ రాణిని ఆమె మీది నుంచి తీసి ఇంకొకరి మీద పెట్టాను.

"నీ పక్కనే ఒక గట్టి ఆడమనిషి ఉందక్కా, జాగ్రత్త" అన్నాను. పేరు చెప్పలేదు. ఆ తోటలో ఉన్న ఇంకో ఆడమనిషి ఒక్కతే.

బొమ్మముక్క వస్తే మూడు రకాలుగా చూడాలి. బయటి మనిషి కావచ్చు. అడుగుతున్న మనిషే కావచ్చు. ఆ పనిని ఏ తీరున చేయాలో చెప్పేదీ కావచ్చు. వెయిట్ పుస్తకం జుట్టు రంగు, కళ్ల రంగు బట్టి మనుషుల్ని పంచుతుంది. బంగారు రంగు జుట్టుకు కర్రలు, నల్లజుట్టుకు నాణేలు. ఆ లెక్కన మా ఊరు ఊరంతా నాణేల్లోకే పోతుంది. అందుకని ఆ పద్ధతి వదిలేశాను. బొమ్మ కనిపించగానే బయట ఎవరా అని వెతకడం మాత్రం వదల్లేదు. అక్కను "ఈమెను చూస్తే నీకు ఎవరు గుర్తొస్తున్నారు?" అని ఒక్కమాట అడగలేదు.

ఆ ఎండాకాలం అక్కకు జ్వరమొచ్చి పడుకుంది. అంతకుముందు అలాంటప్పుడు మోటారు వేసి మడవ తిప్పేది ఆ తోడికోడలే. ఈసారి పిలవలేదు, ఆమె రాలేదు. పిందె చాలావరకు రాలిపోయింది.

ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు. ముక్క తీసుకుని తోటకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క చాలాసేపు దాన్నే చూసింది. కుడిచేతిలో నిలువుగా కత్తి, ఎడమచెయ్యి ముందుకు చాపి ఉంటుంది.

"ఈ చెయ్యి ఎవర్నో పిలస్తా ఉంది గదమ్మీ" అంది. ముక్క నా చేతికిచ్చి గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు తోడికోడలింటికి వెళ్లి ఆమెకీ చెప్పాను. మంచినీళ్లిచ్చింది. విన్నది. ఏమీ అనలేదు. వాళ్లిద్దరూ ఇంకా మాట్లాడుకోవడం లేదు.