కోళ్లకి వేసే నూకలు

మా పట్టిక ప్రకారం 1970 జనవరి 1న మన రెండు రాష్ట్రాల్లో పన్నెండు వేలమంది పుట్టారు. ఆ రోజు మంత్రసానులు మంచినీళ్లు కూడా తాగి ఉండరు. సంగతేమిటంటే, చాలా కంప్యూటర్లకి కాలం మొదలయ్యేదే ఆ రోజున. పుట్టినతేదీ గడిలో సున్నా పడిందంటే అవి మనిషికి అప్పుడే పురుడు పోసేస్తాయి.

డేటా శుభ్రం చేయడం నా ఉద్యోగం. ఆ మధ్య ఒక కళ్లజోళ్ల దుకాణాల వాళ్ల ఖాతాదారుల జాబితా నా నెత్తిన పడింది. మూడు లక్షల వరుసలు. "అంతా అద్దంలా ఉండాలయ్యా" అన్నారు మా మేనేజరు గారు. కళ్లజోళ్ల వాళ్ల పని కదా, అద్దమే గుర్తొచ్చినట్టుంది.

మొదటి రెండు రోజులూ పేర్ల ముందున్న శ్రీ, శ్రీమతి, చిరంజీవులను బుద్ధిగా వరసలో నిలబెట్టాను. మూడోరోజు ఫ్యాక్స్ నంబర్ల గడి పట్టుకున్నాను. మూడు లక్షల్లో నిండినవి పదకొండు. అందులో ఒకటి ఎవరిదో స్కూటర్ నంబరు.

ఆ తర్వాత మొదలైంది అసలు జాతర. ఒకే మనిషి రెండుచోట్ల ఉంటే పట్టుకోవాలి. మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగితే ఒక్కో కొట్లో ఒక్కో వేషం కడతాయి. లక్ష్మి గారు ఒకచోట కె, ఎస్, హెచ్‌లతో నిండుగా ఉంటారు, ఇంకోచోట ఒక్క ఎక్స్‌తో సరిపెట్టుకుంటారు. దీనికో కొలబద్ద ఉంది. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీయాలో, మార్చాలో లెక్కపెట్టి, అదే వాటి మధ్య దూరం అన్నాడు 1965లో లెవెన్‌ష్టైన్ అనే రష్యా గణితవేత్త. పెట్టి కొలిచాను. లక్ష్మికీ లక్ష్మికీ మధ్య దూరం మూడు. రవికీ రాణికీ మధ్య ఒకటే! పెళ్లిళ్ల పేరయ్యలకి పనికొచ్చే లెక్క, నాకు కాదు.

అయినా పట్టు విడవలేదు. ప్రతి పేరునీ మిగతా అన్ని పేర్లతోనూ పోల్చమన్నాను. సుమారు 4,500 కోట్ల జతలు. సెకనుకి లక్ష చూసినా అయిదు రోజుల పైమాటే. శుక్రవారం సాయంత్రం ఒక పెద్ద క్లౌడ్ మెషీన్ అద్దెకి తీసుకుని, పని అప్పజెప్పి ఇంటికెళ్లిపోయాను. మనం నిద్రపోతున్నా దాని మీటరు నిద్రపోదని సోమవారం తెలిసింది. బిల్లు చూసి మేనేజరు గారు తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

పోనీ, జరిగినంత పనైనా బాగుందా? ఒక ఇంట్లో మనవడికి తాత పేరే పెట్టారు. ఇంటిపేరు అదే, ఇల్లు అదే, ఫోను అదే. మెషీన్ ఇద్దరినీ కలిపి ఒకరిని చేసేసింది. పేపరు చదవడానికి తాతకి ప్లస్ రెండున్నర, బోర్డు కనపడక మనవడికి మైనస్ రెండున్నర. సగటు సున్నా. ఇద్దరి చూపూ బ్రహ్మాండం!

ఆ రాత్రి ఇంటికెళ్లేసరికి అమ్మ చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. రాళ్లు తీసి పారేస్తోంది గానీ, మధ్యలో కనిపిస్తున్న వడ్లగింజల జోలికి పోవడం లేదు.

"అవి కూడా తీసెయ్యొచ్చు కదమ్మా?"

"వడ్లగింజ వస్తే కంచం పక్కన పెడతావు. రాయి వస్తే పన్ను పక్కన పెట్టాలి. ఏది ముందు చూడాలిరా?"

"మరి ఆ గిన్నెలోవి?"

"అవి కోళ్లకి వేసే నూకలు. వాటిలో కూడా రాళ్లేరమంటావా?"

నా ఉద్యోగం మొత్తం ఆ చేటలో కనిపించింది. మర్నాడు కాగితం తీసుకుని మూడు కుప్పలు రాసుకున్నాను. రాళ్లు, వడ్లగింజలు, కోళ్ల నూకలు.

ముందు పిన్ కోడ్ సరిచేశాను. 1972 నుంచీ ఉన్న ఆ ఆరు అంకెలు మన వైపు 50కీ 53కీ మధ్యే మొదలవుతాయి గనక తప్పుడువి ఇట్టే దొరికాయి. ఒక పిన్ కోడ్ వాళ్లను ఆ పిన్ కోడ్ వాళ్లతోనే పోల్చమన్నాను. గుంపుకి సుమారు వెయ్యిమంది. 4,500 కోట్ల జతలు 15 కోట్లకి దిగాయి. పాత చిన్న మెషీన్ మీదే ఇరవై అయిదు నిమిషాల్లో పని తెమిలింది. ఇల్లు మారినవాళ్లు కొందరు దొరక్కుండా పోయారు, నిజమే. వాళ్లకి ఉగాది శుభాకాంక్షలు రెండుసార్లు వెళతాయి. వడ్లగింజ.

అసలు రాయి పవర్ గడిలో ఉంది. కొన్ని వరుసల్లో అంకె ఉంది గానీ ముందు ప్లస్సో మైనస్సో లేదు. వయసును బట్టి ఊహిద్దామంటే వాళ్లలో సగం మంది ఆ 1970 జనవరి 1 బాపతే. ఎంత పెద్ద మెషీన్ తెచ్చినా లాభం లేదు, ఫోను చేసి అడగాల్సిందే. మిగిల్చిన డబ్బులో ఆవగింజంత పెట్టి ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టాం.

ఆ వరుసల్లో ఒకటి మా అమ్మది. ఆ ఫోను నేనే చేశాను.

"అమ్మా, నీ కళ్లజోడు ప్లస్సా, మైనస్సా?"

"నాకేం తెలుసురా? మందుసీసా మీద రాసింది కనపడదు. ఎదురింటి మేడ మీద ఆరేసిన చీర అంచు మాత్రం బ్రహ్మాండంగా కనపడుతోంది. కొత్తదే, ఎప్పుడు కొన్నదో!"

ప్లస్ అని రాసుకున్నాను.

ఫ్యాక్స్ గడిలో ఆ స్కూటర్ నంబరు ఇప్పటికీ అలాగే ఉంది. కోళ్లు ఇంతవరకూ ఫిర్యాదు చేయలేదు.