దిష్టిబొమ్మ నెత్తి మీది దొరటోపీ

నన్ను చూసి నవ్వకండి. ఇప్పుడంటే అంచు ఒకపక్కకు వాలి, ముందు మడత దగ్గర చీలిక పడి, చిమ్మటలు కొరికిన చిల్లులతో ఉన్నాను గానీ నేను పుట్టింది అమెరికాలో, ఫిలడెల్ఫియా నగరంలో. జాన్ బి. స్టెట్సన్ అనే ఆయన 1865లో అక్కడ టోపీల పని మొదలుపెట్టాడు. ఆయన పేరుతో నడిచిన కార్ఖానాలో 1930ల చివర తయారయ్యాను. ఈ సంగతి ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. లోపలి తోలు పట్టీ మీద బంగారు అక్షరాలతో ఆ పేరు ఉండేది. మా అయ్యగారి తలకున్న కొబ్బరినూనె దాన్ని తుడిచిపెట్టేసింది.

నా ఒంట్లో పడుగూ లేదు, పేకా లేదు. పేరుమోసిన వెంకటగిరి మగ్గాలు నన్ను చూస్తే ముక్కున వేలేసుకుంటాయి. నేను బొచ్చుతో పుట్టాను. కుందేలుదీ, చలిదేశాల ఏళ్ళలో ఈదే బీవరుదీ మెత్తటి లోపలి బొచ్చు. ఆ వెంట్రుకలకు కంటికి ఆనని పొలుసులుంటాయి. ఆవిరీ వేడినీళ్ళూ తగిలి, ఒత్తిడి పడేసరికి ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. కుందేలు బొచ్చు అలా పట్టుకోవడానికి ముందుగా పాదరసం మందు పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ళకు చేతులు వణికేవి, మతి చలించేది. అమెరికాలో ఆ మందును మానిపించింది 1941 డిసెంబరులో, అంటే నేను పుట్టాకే. నా నునుపు మెచ్చుకున్నవాళ్ళు చాలామందే గానీ, ఆ వణికే చేతుల్ని తలుచుకున్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

మా అయ్యగారు గూడూరులో మైకా వ్యాపారి. మద్రాసు మౌంటు రోడ్డులో నన్ను కొన్నాడు. రాపూరు, కలిచేడు చుట్టుపక్కల గనుల నుంచి బండ్ల మీద మైకా వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. రేడియోలకూ విమానాలకూ మైకా కావాలి, నెల్లూరు జిల్లా ఆకుపచ్చ మైకాకు గిరాకీ. మా అయ్యగారు పలకను కత్తితో రేకులు రేకులుగా చీల్చి, వెలుతురుకు ఎత్తిపట్టి, మరక ఎక్కడుందో, ఏ రకమో ఇట్టే చెప్పేవాడు. ఆ వేళ్ళంటే నాకు భక్తి. ఆ వేళ్ళే నన్ను చెడగొట్టాయి.

మైకా రేకును నలగకుండా పట్టుకునే మనిషి నన్ను మాత్రం నెత్తి మీది మడత దగ్గర రెండు వేళ్ళతో నొక్కి లేపేవాడు. రోజూ అదే చోట, అదే నొక్కుడు. ఫెల్టు అక్కడ పలచబడి చివరికి చీలింది. టోపీని అంచు పట్టుకుని తీయాలని ఆయనకు చెప్పేదెవరు? ఇంటికొచ్చాక గోడ మేకుకు తగిలించేవాడు. మేకుకు తగిలించినా, బోర్లా పెట్టినా అంచు వాలి ఆకారం చెడుతుంది, వెల్లకిలా పెట్టాలి. ఆ మాటా ఎవరూ చెప్పలేదు. పక్క మేకుకు ఒక సోలా టోపీ ఉండేది. చెరువుల్లో పెరిగే నీటిజీలుగు బెండుతో చేసినది. బరువే ఉండదు. దొరలు ఎండలో పెట్టుకునే ఆ బెండు బుర్రను చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఈ ఎండలకు అదే తగిన టోపీ అని ఒప్పుకోవడానికి నాకు అప్పట్లో మనసు రాలేదు.

అయ్యగారు పోయాక కోట అనే ఊరి దగ్గరున్న వాళ్ళ పల్లెలో అటకెక్కాను. నాలుగు వేపాకులన్నా వేయలేదు. చిమ్మట పురుగుకు బొచ్చు కన్నా పరమాన్నం లేదు. అది తినేది నాలోని వెంట్రుకనే.

1971లో కృష్ణ కౌబాయ్ సినిమా ‘మోసగాళ్ళకు మోసగాడు’ విడుదలయ్యాక మనవడికి నేను గుర్తొచ్చాను. ఎసరు ఆవిరి పట్టి నా అంచును రెండు పక్కలా పైకి వంచాడు. గవదకు తాడు కట్టుకోవాలని మేకుతో రెండు బెజ్జాలు పొడిచాడు. ఆ మేకు పోటు ఇప్పటికీ సలుపుతుంది. చాలదన్నట్టు బజారులో ఇంకో టోపీ కొన్నాడు. గొర్రె ఉన్ని ఫెల్టుది, కొత్తది, నల్లగా నిగనిగలాడేది. మోజు తీరాక ఇద్దరమూ అటకెక్కాం.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మా పెంకులు లేపేసింది. పెట్టెల్లోవన్నీ తడిశాయి. చీరలు ఆరేశారు, కాగితాలు ఆరేశారు. మమ్మల్ని మరుసటి పైరుకు చేలో రెండు దిష్టిబొమ్మల నెత్తిన పెట్టారు. మద్రాసు మౌంటు రోడ్డులో అద్దం ముందు నిలబడినదాన్ని, కుండకు సున్నంతో గీసిన మూతికి కిరీటమయ్యాను. పిట్టలు కూడా భయపడలేదు.

అక్కడే నా జాతకం బయటపడింది. రెండు వానలకు ఉన్ని టోపీ తడిసిన అప్పడంలా వాలి, ఎండకు ముడుచుకుని, మళ్ళీ మొదటి ఆకారానికి రాలేదు. నేను తడిశాను, ఆరాను, నిలబడ్డాను. చూసినవాడు లేడు. కోతలయ్యాక గొడ్ల చావిట్లో పడేస్తే ఒక కోడిపెట్ట నాలో గుడ్లు పెట్టింది. అంతమందిలో నన్ను పదిలంగా వాడుకున్నది అదొక్కటే.

ఏళ్ళు గడిచాక మొన్నామధ్య చెన్నై నుంచి పాత వస్తువులు సేకరించే ఒక పెద్దాయన వచ్చాడు. గోడ గడియారం కోసం వచ్చి చావిడి మూల నన్ను చూశాడు. అంచు పట్టుకుని ఎత్తాడు! నా వయసులో మొదటిసారి.

దుమ్ము దులిపి తిరగేశాడు. తోలు పట్టీకి లోపల చిన్న రిబ్బను ముడి ఉంటుంది, అదే టోపీకి వెనకవైపు. అది వెతికి, పట్టీని మెల్లగా మడిచి వెనక దాగిన చీటీ చూశాడు. కొలత ఏడుంబావు అని ఉంది, పేరు లేదు. వేళ్ళ వెనక భాగంతో ఒళ్ళంతా నిమిరాడు. మేలైన బొచ్చు ఫెల్టు సన్నగా, నున్నగా ఉండి కూడా గట్టిగా ఉంటుంది. ఉన్నిది మందంగా, గరుకుగా తగులుతుంది. అంచును కొద్దిగా వంచి వదిలాడు, తిరిగి నా చోటికి వచ్చాను. ఎండకు ఎత్తిపట్టి చిల్లులు లెక్కపెట్టాడు, మైకా పలకను చూసినట్టే.

మనవడికిప్పుడు తల నెరిసింది. “కంపెనీ ఏందో తెలిస్తే గదా సార్ రేటు మాట్లాడుకునేది?” అన్నాడు.

“పేరు లేకపోవడమే మేలు అబ్బయ్యా. పేరుంటే కళ్ళు అక్కడే ఆగిపోతాయి, వేళ్ళు పని చేయవు” అన్నాడు పెద్దాయన. మంచి పట్టీ ఊడదీసి నాసి టోపీకి కుట్టి అమ్మేవాళ్ళున్నారట. 1857 నుంచి ఇటలీలో టోపీలు చేస్తున్న బొర్సలీనో పేరుకూ నకిలీలున్నాయట. కొన్నిటి లోపల కొట్టే ఎక్స్ గుర్తులు ఎక్కువుంటే బీవరు బొచ్చు ఎక్కువని చెబుతారు గానీ, అన్ని కంపెనీలకూ ఒకటే లెక్క లేదట. పాత ఫెల్టులో పాదరసం జాడ మిగిలి ఉండొచ్చని చేతులు కూడా కడుక్కున్నాడు. ఆ వణికే చేతులు తెలిసినవాడు ఒకడు దొరికాడు.

చివరికి తీర్పు చెప్పాడు: “సరుకు మేలైంది. కాపురమే చెడింది.”

ఇంతకన్నా న్యాయమైన మాట నేను వినలేదు. చీలికకు ఇంత, మేకు బెజ్జాలకు ఇంత, చిమ్మటలకు ఇంత అని తగ్గించుకుంటూ పోతే మిగిలిన ధర చిన్నదే. మనవడి మొహం మాడింది. తగ్గించిన ప్రతి రూపాయికీ మనవడి చేతి గుర్తో, తాత చేతి గుర్తో నా మీదే ఉంది మరి.

డబ్బు లెక్కపెట్టుకుంటూ, “అటక మీద ఇంకోటుంది సార్. తెల్లది. బరువే లేదు, పనికిమాలింది. ఈ భోగికి మంటలో వేద్దామనుకుంటున్నా” అన్నాడు. పెద్దాయన నిచ్చెన తెమ్మన్నాడు. నాకు గొంతు లేదు గానీ ఉంటే అరిచేదాన్ని: ఒరే నాయనా, అది బెండు, వేళ్ళతో నొక్కితే విరుగుతుంది, కింద చెయ్యి పెట్టి దించు!